తప్పు పాపిడి

మార్చి 3, ఉదయం 7

మిలిటరీ ఆసుపత్రి మార్చురీకి ఇవాళ అవతలి సైన్యం వాడి శవం వచ్చింది. పదకొండో నంబరు ఫ్రీజర్. కడిగి, గుడ్డ చుట్టి సిద్ధం చెయ్యమన్నాడు డాక్టరు. నా వల్ల కాదన్నాను. ఏడేళ్ల సర్వీసులో మొదటిసారి. తమ్ముడు సరిహద్దు దగ్గర కనిపించకుండా పోయి ఇరవై రెండు రోజులు. వాడి ఆచూకీ చెప్పరు గానీ, వాళ్ల వాడికి నేను స్నానం చేయించాలట. చేతులు రాలేదు.

మార్చి 3, సాయంత్రం

అమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. చచ్చినవాడితో పగేమిటే, పగ ఊపిరి ఉన్నంతవరకే కదా అంది. ఓడి చచ్చినవాడి చితి గెలిచినవాడే దగ్గరుండి పేర్పించాలని వాళ్ల నాన్న చెప్పేవాడట. నాకు ఒళ్లు మండింది. నీ కొడుకు ఎక్కడున్నాడో తెలియదు, ఇప్పుడు ధర్మం గుర్తొచ్చిందా అన్నాను. అందుకేనే అంది.

మార్చి 4

కడిగాను. గోళ్లలో మట్టి ఒక పట్టాన వదల్లేదు. యుద్ధంలో క్షవరం చేసేదెవరు, జుట్టు చెవుల మీద పడుతోంది. దువ్వి, వెనక్కి జరిగి చూస్తే కుడి పాపిడి. తమ్ముడిది. చిన్నప్పటినుంచి వాడి తల దువ్వింది నేనే, చెయ్యి దాని దారిన అది పోయింది. వీడిది ఎటువైపో ఎవరిని అడగను? అలాగే వదిలేశాను. స్ట్రెచర్ తోసే బాబాయి నలుగురు జవాన్లను పిలుచుకొచ్చాడు. సెల్యూట్ చేసి వెళ్లారు.

మార్చి 9

ఫోన్ మోగితే, తమ్ముడి కబురేమోనని అమ్మ ముందు పొయ్యి ఆపుతోంది. తర్వాత తీస్తోంది.

మార్చి 15

శవాల మార్పిడి. పదకొండో నంబరు వెళ్లాడు. ఏడు పెట్టెలు వచ్చాయి. మూడోది తెరిచాను. తమ్ముడు.

ఏడుపు సంగతి రాయను. రాయాల్సింది ఇది. అవతలివాళ్లు నేను కడగడానికి ఏమీ మిగల్చలేదు. ఒంటి మీద మట్టి లేదు. గాయానికి కొత్త గుడ్డ కట్టారు. గోళ్లు కూడా శుభ్రంగా ఉన్నాయి. తల దువ్వి ఉంది, ఎడమ పాపిడి. పుట్టాక వాడు ఎన్నడూ ఎడమ పాపిడి ఎరగడు. ఎవరో గానీ, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

ఇంటికి తీసుకొచ్చాక, సరిచేద్దామని అమ్మ దువ్వెన తీసింది. వద్దమ్మా అన్నాను. అక్కడా ఎవరి చెయ్యో దాని దారిన అది పోయి ఉంటుందని చెప్పాను. అమ్మ దువ్వెన పక్కన పెట్టి, వాడి నుదురు నిమిరింది. వాళ్లకి దణ్ణం పెట్టుకోవే అంది. పెట్టుకున్నాను.

మార్చి 24

పదో రోజు. తమ్ముడికి నీళ్లు వదిలాక ఇంకో దోసెడు పట్టాను. ఇది ఎవరికని అడిగాడు పురోహితుడు. పేరు తెలియదన్నాను. నువ్వేమవుతావని అడిగాడు.

తల దువ్వినదాన్ని అన్నాను.