దర్గాలో మొక్కిన పేరు

1963 జూన్ 12, బుధవారం

ఆదివారం బారసాల. పిల్లవాడి పేరు సురేష్ బాబు అని కోడలు చెంచులక్ష్మి తేల్చేసింది. నా కొడుకు ఓబులేసు తలూపాడు. వాడెప్పుడూ అంతే.

నాకు అన్నం దిగలేదు. ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. వీడు కడుపులో పడ్డప్పుడు దర్గాకు పోయి మస్తాన్ స్వామికి మొక్కుకున్నాను. బిడ్డ దక్కితే మస్తాన్ పేరు పెడతాను, ఆయన ముందు చక్కెర పెట్టి చదివిస్తాను అని. మా అమ్మ అట్లా మొక్కితేనే నేను దక్కాను. మస్తానమ్మ అని పేరు పెట్టింది. ఇంత ముసలిదాన్నయినా ఇంకా బతికే ఉన్నాను కదా.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

కోడలికి చెప్పి చూశాను. నెల్లూరులో ఎస్సెల్సీ చదివింది. మస్తానయ్య అని ఇప్పుడెవరు పెడుతున్నారు, ఓల్డ్ ఫ్యాషన్ అంది. ఆ పేరు వింటే చుట్ట కంపు, మాసిన తలగుడ్డ గుర్తుకొస్తాయట. నా మొహం మీదే అంది. నా పేరు వింటే ఏం గుర్తుకొస్తుందో నేను అడగలేదు. చెప్తుందని భయం.

తర్వాత కాస్త మెత్తబడింది. "నా పేరు పిలిస్తే క్లాసంతా నవ్వేది అత్తా. ఏ అడివి నుంచి వచ్చినావు అని అడిగేవాళ్లు. వాడికా ఖర్మ వద్దు" అంది.



జూన్ 16, ఆదివారం

పళ్లెంలో బియ్యం మీద సురేష్ బాబు అని రాశారు. నేను నోట్లో ఏమీ వేసుకోలేదు.

జూన్ 17

పిల్లవాడు తుమ్మాడు.

జూలై 9, మంగళవారం

పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. పాలు తాగడం లేదు. నర్సమ్మ వచ్చి టెంపరేచర్ చూసి మందిచ్చింది. కోడలు నా వైపు చూడడం లేదు, నేనేమైనా అంటానని. అనలేదు. లోపల మాత్రం అన్నీ అనుకున్నాను.

జూలై 11, గురువారం

ఎవరికీ చెప్పకుండా మనుబోలులో బస్సెక్కి దర్గాకు పోయాను. చక్కెర చదివించాను. దర్గా చూసుకునే ముజావరు పెద్దవాడు. మొక్కు తప్పాం, ఆ కోపం బిడ్డ మీద చూపొద్దు అని ఏడ్చాను. ఆయన నెమలీకల కట్ట నా తలకు తాకించి, "పేరుదేముంది తల్లీ. ఏదైనా పెట్టుకోండి. స్వామి పేర్లు చూసి బిడ్డల్ని కాస్తాడా?" అన్నాడు. ఆయన మనవడిదీ కొత్త రకం పేరేనట, తనకే నోరు తిరగదట. నవ్వాడు.

భయం పోయింది. కానీ బస్సులో కూర్చున్నాక కడుపు మండింది. పేరుదేమీ లేకపోతే నాకెందుకు తగిలించారు? మా అత్తది ఈ ప్రాంతం కాదు. బతికినన్నాళ్లూ సాయిబుల పిల్లా అని వెక్కిరించింది. ఓబులేసు పెళ్లి శుభలేఖలో నా పేరు వద్దన్నారు వియ్యాలవారు. ప్రాణం నిలిపిన పేరు కదా అని అన్నీ మింగాను.

జూలై 12

తెల్లవారేసరికి జ్వరం దిగింది. పాలు తాగాడు.

చక్కెర పొట్లం చూసి, నేనెక్కడికి పోయానో కోడలు కనిపెట్టింది. చిటికెడు తీసి పిల్లవాడి నాలుకకు రాసింది. కళ్లనిండా నీళ్లు. "తప్పు నాదే అత్తా. మస్తాన్ అనే పిలుద్దాం. నవ్వేవాళ్లను నవ్వనీ. ముజావరు ఏమన్నాడు?"

చల్లగా ఉంటాడన్నాడు, అని చెప్పాను. అసలు మాట చెప్పలేదు. చెప్తే మళ్లీ సురేష్ బాబే.

జూలై 15, సోమవారం

వాకిట్లో కోడలు మస్తానూ, మస్తానూ అని వాణ్ణి లాలిస్తోంది. వంటింట్లోంచి నేను ఓయ్ అని పలికాను. చిన్నప్పుడు నన్నట్లా పిలిచిన మా అమ్మ గొంతే అనుకున్నాను.