బియ్యం డబ్బాకి తాళం

12 ఏప్రిల్ 2001, గురువారం

గుడివాడ వెళ్ళొచ్చాం. నాకు ఐదో నెల. ఒంట్లో రక్తం, అదే హెచ్.బి., 7.4 అట. లేడీ డాక్టరుగారు నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, గుడ్లవల్లేరు నించి నడిచొచ్చావా ఏంటమ్మా, ఇలా పాలిపోయావు అన్నారు. ఐరన్ టాబ్లెట్లు రాశారు. తొమ్మిదో నెలకి పది దాటకపోతే తను పురుడు పొయ్యననీ, విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తం సిద్ధం చేసుకోవాల్సిందేననీ చెప్పారు.

మా అమ్మ నన్ను కని, రక్తం చాలక పోయింది. నాకు ఆవిడ ఫొటో తప్ప ఏమీ తెలీదు. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

నేను అమ్మలా పోను. పోనంటే పోను. రాసి పెట్టుకుంటున్నాను.

15 ఏప్రిల్, ఈస్టర్

రక్తం పడుతుందని మేక కార్జం మొత్తం నా కంచంలోనే. నాకు ఆ వాసనే పడదు. కళ్ళు మూసుకుని తిన్నాను.

22 ఏప్రిల్

టాబ్లెట్ మింగితే నోరంతా తుప్పు మేకు నాకినట్టుంది. అత్తయ్య కృపమ్మ, పాపం, ఆ రుచి పోడానికి వెంటనే గ్లాసుడు చిక్కటి టీ ఇస్తోంది. పక్కింటి సత్యవతమ్మగారు వచ్చి, ఆ బిళ్ళలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడని చెప్పింది. మా ఆయన నలుపు, నేను నలుపు, ఇంకే రంగులో పుడతాడండీ అన్నాను. మూతి తిప్పుకుని వెళ్ళింది.

3 మే, మధ్యాహ్నం మూడు

ఇది ఎవరికీ చెప్పను. పచ్చి బియ్యం తింటున్నాను.

మా ఆయన శామ్యూల్ రాజ్‌ది రైస్ మిల్లులో పని. ఆయన తెచ్చే బియ్యం మర నించి అప్పుడే దిగి ఇంకా వెచ్చగా ఉంటాయి. గుప్పెడు నోట్లో పోసుకుంటే ఆ కరకర, ఆ తీపి, బిర్యానీ ఎందుకు పనికొస్తుంది? చిన్నప్పటి నించీ ఇంతే. పచ్చి బియ్యం తింటే పెళ్ళికి వాన పడుతుందని అమ్మమ్మ తిట్టేది. పడింది కూడా. షామియానా కూలి పాస్టరుగారి నెత్తిన పడింది. ఈనాటికీ చర్చిలో నన్ను చూసి నవ్వుతారు.

14 మే

7.5!

ఒక్క బిళ్ళ మానలేదు. కార్జం తిన్నాను, మునగాకు తిన్నాను. డాక్టరుగారి టేబుల్ విరగ్గొట్టాలనిపించింది. ఆవిడ నిదానంగా, బిళ్ళ దేంతో వేసుకుంటున్నావు అని అడిగారు. టీ అనగానే నెత్తి కొట్టుకున్నారు. టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదట. ఇంకేం తింటున్నావు అన్నారు. కార్జం, మునగాకు అని వేళ్ళ మీద లెక్కపెట్టాను. తోడొచ్చిన మా ఆడపడుచు ఏంజెల్ (ఇప్పుడే తొమ్మిదో క్లాసులోకి వచ్చింది) వదిన డబ్బాలో బియ్యం తింటుందండీ అనేసింది. అక్కడే పీక పిసుకుదామనుకున్నాను.

డాక్టరుగారు నవ్వలేదు. బియ్యం, సుద్దముక్కలు, మట్టి తినబుద్ధి అవుతోందంటే చాలామందిలో అది ఉత్త అలవాటు కాదట. రక్తం తక్కువైందని ఒళ్ళు చెప్పుకోవడమట. తర్వాత, నీకెలా తెలుసమ్మా అని ఏంజెల్ వైపు తిరిగారు. అది తల దించుకుంది. అదీ అదే డబ్బాలో తింటోంది! దాని వేలికీ సూది గుచ్చారు. 8.1. దానికీ బిళ్ళలు రాశారు.

పుస్తకం పడితే నిద్దరోతోందని ఇంటిల్లిపాదీ దాన్ని బద్ధకిష్టి అంటున్నాం.

అదే రోజు, సాయంత్రం

అమ్మ కొంగున ఎప్పుడూ బియ్యం మూట ఉండేదని అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది. నన్ను మోస్తున్నప్పుడు మరీనట. ఊరంతా ఆట పట్టించారట. ఆవిడ ఒళ్ళు అంతలా మొత్తుకుంటుంటే ఒక్కళ్ళకీ వినపడలేదు. నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలీదు.

15 మే

డబ్బాకి తాళం పడింది. తాళంచెవి అత్తయ్య బొడ్లో. అన్నానికి బియ్యం తీసేటప్పుడు మా ఇద్దర్నీ వీధిలోకి తోలేస్తోంది. ఆ టీ ఇచ్చింది నేనే కదమ్మా అని పొద్దుట్నించీ కళ్ళు తుడుచుకుంటోంది. ఇప్పుడు బిళ్ళకి తోడు నిమ్మకాయ నీళ్ళు. టీ ఊసెత్తితే గరిటె లేస్తోంది.

నేనూ ఏంజెలూ పందెం వేసుకున్నాం. ముందు పది దాటినవాళ్ళకి రెండోవాళ్ళు రోజూ తల దువ్వి జడ వెయ్యాలి.

2 జూన్

ఈ బిళ్ళల వల్ల పొద్దున్నే దొడ్లో పడే బాధ ఇక్కడ రాయను. మింగడం మాత్రం మానను.

24 జూన్

అత్తయ్య తాళం వెయ్యడం మర్చిపోయి చర్చికి వెళ్ళింది. మూత తీశాను. చూశాను. తినబుద్ధి కాలేదు! మళ్ళీ మూత పెట్టి, ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

11 జులై

నాకు 9.7. ఏంజెల్‌కి 10.2. గెలిచింది, దొంగమొహంది! ఆసుపత్రి వరండాలోనే జడ విప్పుకుని కూర్చుంది. ఈమధ్య ఇంట్లో అందరికంటే ముందు అదే లేస్తోంది. మా పిల్లని బద్ధకిష్టి అన్నదెవరు అని అత్తయ్య ఊరి మీద పోట్లాటకి వెళ్తోంది. ముందన్నది తనే.

నాకింకా కొంచెం ఉంది. భయం ఉంది. తిండి కూడా ఉంది.

8 ఆగస్టు

11.1! పదకొండు దాటాను!

డాక్టరుగారు రిపోర్టు నా చేతికిచ్చి నన్నే చదవమన్నారు. గట్టిగా చదివాను. బయట బెంచీ మీదున్న వాళ్ళక్కూడా వినపడాలని ఇంకోసారి చదివాను. పురుడు ఇక్కడే పోస్తానన్నారు. విజయవాడ వెళ్ళక్కర్లేదట. అప్పుడు చెప్పాను అమ్మ సంగతి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి సత్యవతమ్మగారు గుమ్మంలో ఉంది. వాళ్ళ కోడలు సుద్దముక్కలు తింటోందట. ఆ బిళ్ళలు దేంతో మింగాలే అని గుసగుసగా అడిగింది. నేను గుసగుసగా చెప్పలేదు, వీధంతా వినపడేలా చెప్పాను.

22 ఆగస్టు

ఆడపిల్ల. నలుపే. నేనున్నాను.

బయట కుండపోత వాన. బియ్యం ఎవరు తిన్నారో గానీ, ఈసారి నేను కాదు.