జోడీ వేషం

విశాఖపట్నం,
21 జులై 2025.

అప్పలనర్సమ్మకు,

బిందుమాధవి నమస్కారాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. కొండ మీద నువ్వూ, మీ ఆయన సుక్రూ, మీ కాఫీ మొక్కలూ, మేకలూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. టైడా దగ్గర రోడ్డు మీద మళ్ళీ బండలు పడ్డాయని విన్నాను. మీ వైపు ఇళ్లకేమీ కాలేదనుకుంటాను.

ఇన్నేళ్ల తర్వాత ఉత్తరమేమిటి, ఫోను లేదా అని అడుగుతావు. ఫోనులో నేను రెండు మాటలు అనేసరికి నువ్వు నవ్వుతావు. నువ్వు నవ్వితే నా కోపం నిలవదు. ఈ ఉత్తరం పూర్తి చేయడానికి నాకు కోపం కావాలి. నీకు చదువు రాదు కాబట్టి దీన్ని నీ కూతురే చదివి వినిపిస్తుంది. సౌందర్యా, నీ గురించి కూడా ఉంది. ఇష్టం లేని చోట మింగేయకుండా చదువు.

లక్ష్మీప్రసాద్ మాస్టారు పోయి రెండేళ్లయింది కదా. ఆయన పేరు మీద శిష్యులం కలిసి నాటక ఉపకార వేతనం పెట్టాం. ఏటా ఏజెన్సీ పిల్లల్లో ఒక్కరిని ఎంచి, రెండేళ్లు విశాఖలో ఉంచి నాటకం నేర్పిస్తాం. తిండీ, గదీ, ఫీజూ అన్నీ మావే. ఎంచే ముగ్గురిలో నేనొకదాన్ని. సురేంద్ర గారూ, కృపావతి గారూ మిగతా ఇద్దరు. మొన్న శనివారం పాడేరులో పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. అందులో నీ కూతురుందని నాకు ముందు తెలియదు. పేరు పిలవక్కర్లేకపోయింది. తలుపు దగ్గర చెప్పులు విడిచి నడిచి వస్తుంటేనే నీ నడక గుర్తుపట్టాను. నా కడుపులో మంట అప్పుడే మొదలైంది.

అవును, అసూయే. నలభై ఏళ్లొచ్చాక దానికి ఇంకో పేరు పెట్టుకోవడం దేనికి?

నన్ను చూసి ఎవరైనా నవ్వుతారు. పట్నంలో నాటకాలు వేసింది నేను, టీవీలో కనబడింది నేను, ఇప్పుడు కాలేజీలో పిల్లలకు నటన నేర్పుతున్నది నేను. నువ్వు కొండ మీద కాఫీ పళ్లు కోసుకుంటున్నావు. అసూయ పడాల్సింది నువ్వు. కానీ అరకులో బస్సు దిగితే చాలు, అక్కా, అప్పట్లో మాస్టారి నాటకంలో ఉంగమ్మ వేసిన ఆవిడ ఎక్కడుందండీ అని నన్నే అడుగుతారు. ఆ ఉంగమ్మ నేను కూడా వేశానని ఎవరికీ గుర్తు లేదు.

సౌందర్యకు అర్థమవడానికి కాస్త వెనక్కి వెళ్తాను. మీ అమ్మను మాస్టారు అరకు సంతలో పట్టుకున్నారు. పిప్పళ్లు తూచే సావుకారు తక్కెడ ఎలా నొక్కుతాడో తోటి ఆడవాళ్లకు చేసి చూపిస్తోందట. అది చూసి ఆయన సంచీ అక్కడే మరిచిపోయి వచ్చారు. నేనేమో టైడా స్టేషన్లో పనిచేసే రైల్వే ఉద్యోగి కూతుర్ని. పదో తరగతి పాసైనదాన్ని. నాటకంలో చేర్చుకోండని నాలుగుసార్లు వెళ్లి అడిగితే గానీ నన్ను చేర్చుకోలేదు.

మా బృందంలో ప్రతి వేషానికీ ఇద్దరు ఉండేవారు. వానాకాలంలో ఘాట్ రోడ్డు మూసేస్తే జీపు రాదు, జీపు రాకపోతే మనిషి రాదు, నాటకం ఆగిపోతుంది. అందుకని మాస్టారు ఒకరికి వేషం ఇచ్చి, ఇంకొకరిని ఆ వేషానికి జోడీగా పెట్టేవారు. జోడీ మాటలన్నీ నేర్చుకోవాలి. ప్రదర్శన రోజు చీర కట్టుకుని, ముఖానికి రంగు వేసుకుని తెర పక్కన కూర్చోవాలి. అసలు మనిషి వచ్చిందంటే చీర విప్పి ఇచ్చేసి, ముఖం కడుక్కోవాలి. నేను మీ అమ్మకు జోడీని. ఎన్నిసార్లు రంగు వేసుకున్నానో అన్నిసార్లూ కడుక్కున్నాను. నర్సమ్మా, నువ్వు మోకాళ్ల దాకా బురదతో దిగేదానివి. "బేగి సీర ఇప్పి ఇయ్యే, గంట కొట్టేత్తన్నారు" అనేదానివి. అందరికీ జ్వరాలు వచ్చేవి, నీకు ఒక్కసారైనా రాలేదు.

పైగా నీకు మాటలు నేర్పేది కూడా నేనే. మాస్టారి రాతంతా నేను చదవాలి, నువ్వు విని పట్టుకోవాలి. నా నోటి నుంచి విన్న మాటనే నువ్వు వేదిక మీద అంటే ముసలాళ్లు కండువాతో కళ్లు తుడుచుకునేవారు. అదే మాట రిహార్సల్లో నేనంటే, కొంచెం గట్టిగా అనమ్మా, వెనక్కి వినబడదు అనేవారు మాస్టారు.

ఉంగమ్మ వేషం గుర్తుందా? ఊటనీళ్లకు పైపు కావాలని అర్జీ పట్టుకుని ఆఫీసుకు వచ్చిన ముసలమ్మ. అధికారి ఎదురుగా నిలబడగానే ఎందుకొచ్చిందో మరిచిపోతుంది. అక్కడ మాస్టారు పది వాక్యాలు రాశారు. నేను పదిసార్లు చదివి చెప్పాను. తీరా వేదిక మీద నువ్వు ఒక్కటీ అనలేదు. కొంగు ముడి విప్పుకుంటూ, మళ్ళీ ముడేసుకుంటూ అలాగే నిలబడ్డావు. జనమంతా ఊపిరి బిగబట్టారు. మాస్టారు ఆ రాత్రే కాగితం మీద ఆ పది వాక్యాలు కొట్టేశారు. నేను నేర్చుకున్న వాక్యాలు అవి.

తర్వాత పాడేరులో యువజనోత్సవం జరిగింది. శుక్రవారం ప్రదర్శన. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఒకరిని ఎంచి శిక్షణకు తీసుకుపోతారన్నారు. ఆ రోజు నువ్వు రాలేదు. నా ముఖం మీద రంగు మొదటిసారి చివరిదాకా ఉంది. వాళ్లు నన్నే ఎంచుకున్నారు. మాస్టారు నా తల మీద చెయ్యి పెట్టి, బాగా చేశావమ్మా, అచ్చం నర్సమ్మలాగే చేశావు అన్నారు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ మెచ్చుకోలు నాకు అరగలేదు.

ఇక మొన్నటి సంగతి. నీ కూతురు వేసింది ఉంగమ్మే. కొంగు ముడి దగ్గర ఒక్క మాట లేకుండా నిలబడింది. సురేంద్ర గారు కళ్లద్దాలు తీసేశారు. కృపావతి గారు మార్కులు వేయడం మానేసి చూస్తూ ఉండిపోయారు. నేను మాత్రం తల వంచుకుని కాగితం మీద అందరికంటే తక్కువ మార్కు వేశాను. గొంతు బలహీనం, ఇంకా తయారీ అవసరం అని పక్కన రాశాను.

అంతటితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేక, మీ అమ్మ నాటకాలు ఎందుకు మానేసిందమ్మా అని అడిగాను. అప్పుడీ గుంట ఏమందో తెలుసా? "పాడేరు ఆట రోజు అమ్మ తెలిసే ఎల్లలేదండి. మా జోడీ ఎన్నిపాల్లు మొకం కడుక్కుంటాది, దానికీ ఒక్కపాలి ఏషం రావాల కదా అని ఇంటికాడే ఉండిపోనాదండి" అంది. ఆ జోడీ ఎవరని కృపావతి గారు అడిగితే, పేరు ఎప్పుడూ చెప్పలేదండి అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాను.

నాకున్నది ఆ ఒక్క రోజు. దాన్ని కూడా నువ్వు నాకు పెట్టిన భిక్షగా మార్చేశావు. నటన నీదే, మంచితనమూ నీదే అయితే ఇక నాకేం మిగిలింది?

నేను వేసిన మార్కు వల్ల సౌందర్య రెండో స్థానానికి దిగింది. మొదటి స్థానం చింతూరు నుంచి వచ్చిన భీముడనే కుర్రాడిది. ఉన్నది ఒక్కటే ఉపకార వేతనం. జాబితా మీద ముగ్గురం సంతకం పెడితే ఖాయమవుతుంది, నాది ఒక్కటే మిగిలింది. రేపు పెట్టేస్తాను. సౌందర్య చిన్నదే, వచ్చే ఏడు మళ్ళీ రావచ్చు. మనసు కష్టపెట్టుకోవద్దని చెప్పు.

సుక్రును అడిగానని చెప్పు.

ఉంటాను,
బిందుమాధవి.

తా.క.

24 జులై. ఈ ఉత్తరం అంటించి మూడు రోజులు సంచిలో పెట్టుకు తిరిగాను. పోస్టాఫీసు ముందు నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చాను. ఇవాళ విప్పి ఇది రాస్తున్నాను. సౌందర్యా, ఇక్కడ మీ అమ్మ, సాల్లేయే, మడిసీ అంటుంది. మడవకు. ఇది నీకే.

ప్రదర్శన తేదీలు కొండ మీదికి చేరవేసే పని కూడా జోడీదే. మాస్టారు టైడా స్టేషనుకు ఫోను చేస్తే మా నాన్న నాతో చెప్పేవాడు, నేను జీపు నడిపే బుధుతో కబురు పంపేదాన్ని. ఆ వారం మాస్టారు శుక్రవారం అన్నారు. నేను బుధుతో, ఆట ఆదివారానికి మారిందని నర్సమ్మకు చెప్పు అన్నాను. పొరపాటున కాదు. ముందు రోజంతా ఆలోచించే చెప్పాను. మీ అమ్మకు జ్వరం వచ్చిందని మాస్టారికి కూడా నేనే చెప్పాను.

మీ అమ్మకు ఈ సంగతి తెలుసు. తెలిసీ మాస్టారితో అనలేదు, నన్ను అడగలేదు. నిన్ను కూడా కథ చెప్పి నమ్మించింది.

నిన్న జాబితాలో నా మార్కు కొట్టేసి, నువ్వు చేసినదానికి తగ్గ మార్కు వేశాను. ఎందుకు మార్చానో మిగతా ఇద్దరికీ చెప్పాను. ఇకపై ఎంపికలో నేను ఉండనని రాసిచ్చాను. మొదటి పేరు నీది. భీముడికి వేరే దారి చూడమని సురేంద్ర గారిని బతిమాలాను, చూస్తానన్నారు. ఆగస్టు పదో తేదీకి నువ్వు విశాఖలో ఉండాలి. నేను నేర్పే చోటే నీకు చదువు. నా ముఖం చూడనంటే చెప్పు, నా క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తాను.

నర్సమ్మా, ఇంత రాశాక కూడా నీ మీద నాకు అసూయ పోలేదు. క్షమించమని అడగను. నువ్వు క్షమించేస్తావు, దానికి మళ్ళీ ఏడుస్తాను.

సౌందర్యా, మీ అమ్మ ఇంటికాడ ఉండిపోలేదు. ఆదివారం పొద్దున్న నేను సర్టిఫికెట్ పట్టుకుని పాడేరులో విశాఖ బస్సు ఎక్కి కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే మైదానంలో పందిరి గుంజలు పీకుతున్నారు. ఆ గుంజల మధ్య మీ అమ్మ నిలబడి, ఆట ఎక్కడ అని అందరినీ అడుగుతోంది. నేను సీటు కిందికి వంగి కూర్చున్నాను. ఆమె వచ్చింది. నడిచి వచ్చింది. ముఖానికి ఇంటి దగ్గరే రంగు వేసుకుని వచ్చింది.