మాటియో దరువు

శనివారం రాత్రి, ఇర్వింగ్

ఓడిపోయినందుకు కాదు ఈ బాధ. ఓడిపోవడం మా సాకర్ క్లబ్‌కి కొత్తేమీ కాదు.

మాటియో మా క్లబ్ అకాడమీలో చిన్నపిల్లాడిగా ఆడుతున్నప్పుడే వాడి కోసం గ్యాలరీలో నేను వాయించే డప్పు మీద ఒక దరువు కట్టాను. బాల్ వాడి కాలికి తగిలితే చాలు, క్లబ్ అభిమానులందరం ఆ దరువుకి చప్పట్లు కలిపేవాళ్లం. పోయినేడు క్లబ్ యాజమాన్యం అకాడమీ మూసేసింది. పిల్లల్ని తయారుచేసే ఓపిక లేదు గానీ, మోకాళ్లు అరిగిపోయిన పేరున్న ఆటగాళ్లని తేవడానికి మాత్రం మహా హుషారు. మాటియో వేరే ఊరి టీమ్‌లో చేరాడు.

ఇవాళ ఆ టీమ్ తరఫున వచ్చి మా గ్రౌండ్‌లో మా మీదే గోల్ కొట్టాడు. నా చేతులు అలవాటుగా వాడి దరువు ఎత్తుకున్నాయి.

"అరే, ఏం జేస్తున్నవ్‌రా? అది వాళ్ల గోల్!" అని పక్క సీట్లో ఉన్న నా ఫ్రెండ్ శ్రీకాంత్ నా భుజం పట్టుకున్నాడు.

ఆపేయబోయాను. అంతలో వెనక వరసల్లోంచి చప్పట్లు కలిశాయి. కాసేపటికి శ్రీకాంత్ కూడా కలిపాడు. గోల్ కొట్టినా మాటియో సంబరంగా గెంతలేదు. మా వైపు చూసి, జెర్సీతో మొహం తుడుచుకుంటూ వెనక్కి నడిచాడు.

"సీజన్ టికెట్లు ఈసారి రెన్యూ చేసుడు బంద్," అన్నాడు శ్రీకాంత్ పార్కింగ్‌లో. పోయినేడూ ఇదే మాట అన్నాడు.

ఇప్పుడున్న టీమ్‌లో ఒక్కడికీ నేను దరువు కట్టలేదు. ఇన్నాళ్లూ తీరిక దొరక్కనే అనుకున్నాను.