దేవుణ్ణి ఏమీ అడగని నెల

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి నెలపాటు దేవుణ్ణి ఏమీ అడగను. నిన్న ప్రార్థనకు కూర్చుని కాలినొప్పి, కారే కుళాయి, పక్కింటి కుక్క అరుపు, అన్నీ ఏకరువు పెట్టి లేచాను. ఊరికే ఒక్క దండమైనా పెట్టలేదు. ఇక నుంచి కృతజ్ఞతలే. మనసు దూదిపింజలా ఉంది.

మా ఆయనకు చెప్పాను. "పాపం, ఆయనకూ నెల సెలవు దొరికింది" అన్నారు, పేపరు దించకుండా.

సోమవారం, సాయంత్రం

చెల్లి వచ్చింది. విశ్వవిద్యాలయంలో కప్పల మీద పరిశోధన చేస్తుంది. ముఖం వాడిపోయింది. తన ఉద్యోగం పొడిగించాలా వద్దా అని శుక్రవారం కమిటీ తేలుస్తుందట. రెండు వందల సైటేషన్లు ఉండాలట.

"అంటే ఏమిటే?"

"నా వ్యాసాన్ని ఇంకొకరు వాళ్ల వ్యాసంలో ప్రస్తావిస్తే ఒకటి అక్కా. నూట తొంభై ఆరు దగ్గర బండి ఆగిపోయింది."

"నాలుగేగా, నేను రాసిపెడతాలే" అన్నారు మా ఆయన.

"మీరు రాస్తే ఉన్నవీ పోతాయి బావా."

నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మంగళవారం

అడగలేదు. దేవుడికి విషయం తెలియజేశాను, అంతే. ఇంటి సంగతి పెద్దల చెవిన వేయడం అడగడం కిందికి రాదు. నాలుగు అన్న అంకె మాత్రం రెండుసార్లు చెప్పాను.

బుధవారం

అంకె కదల్లేదు. ఫోనులో ఎలా చూడాలో చెల్లిచేత నేర్పించుకున్నాను. చూస్తూ ఉంటే అన్నం మాడింది.

నా బదులు మా ఆయన్ని అడగమన్నాను. నియమం నాది గాని ఆయనది కాదు కదా.

"ఏనాడూ పలకరించనివాణ్ణి. పనిపడిందని ఇప్పుడు వెళ్తే ఏమనుకుంటాడు? నీకైతే పాత పరిచయం."

ఆ మాటా నిజమే.

గురువారం

కూరగాయలు తరుగుతూ అడిగేశాను. "నాలుగే తండ్రీ. ఎక్కడి నుంచైనా సరే."

మధ్యాహ్నానికి రెండు వందల ఒకటి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే అంకె. నియమం పోతే పోయిందనుకున్నాను.

సాయంత్రం చెల్లి వచ్చింది. చేతిలో ఏదో పత్రిక. "కొత్తగా ప్రస్తావించిన అయిదుగురూ నేను తప్పని రాశారక్కా."

కొండవాగుల్లో పచ్చకప్పలు ఇక పదేళ్లకు మించి ఉండవని చెల్లి ఎప్పుడో రాసింది. తనకు పేరు తెచ్చిన వ్యాసం అదే. ఇప్పుడు దాన్నే ప్రస్తావించి మరీ కొట్టిపారేశారు.

ఎక్కడి నుంచైనా సరే అన్నది నేనే. "నా నోటి దురదేనే" అన్నాను.

అది వింటేగా. "అక్కా, వాగు పొడవునా ఉన్నాయట. గుడ్లు కూడా పెట్టాయట." కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"పరువు పోయిందని ఇంతగా మురిసేదాన్ని నిన్నే చూశాను" అన్నారు మా ఆయన.

"కప్పలు పోవడం కంటే నయం కదా బావా."

శుక్రవారం

పొద్దుటి నుంచి దేవుణ్ణి విసిగించాను. దాచేదేముంది.

కమిటీలో ఒక పెద్దాయన అడిగారట, "ఈ చివరి అయిదూ మీది తప్పన్నవేగా?" అని. "అవునండీ. ఎందుకు తప్పానో తెలియాలంటే మళ్లీ వాగులో దిగాలి" అందట చెల్లి. అంకె దాటాలన్నదే నిబంధనట, మెచ్చుకోలుతో దాటాలని లేదట. రెండేళ్లు పొడిగించారు.

శనివారం

కృతజ్ఞతలకు కూర్చున్నాను. చెల్లి ఉద్యోగానికి, వాగు నీళ్లకు, తప్పుపట్టిన అయిదుగురికి. అంతా సవ్యంగా సాగి, చివర్లో "ఆ రెండేళ్లూ నాలుగైతే" అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాను.

సోమవారం నుంచి మళ్లీ మొదలు. ఈసారి చిన్న సవరణ: నాకోసం, నావాళ్లకోసం ఏమీ అడగను. కప్పలు నాకు ఏ వరసా కావు కాబట్టి వాటికోసం అడగొచ్చు.

"మరదలు పెంచుకున్న కప్పలు. నీకు కూతురి వరస అవుతాయి" అన్నారు మా ఆయన.

అవుతాయా? ఆలోచించాలి. ఆలోచన తేలేదాకా, ఈ రెండు రోజులూ వాటికోసం గట్టిగా అడిగేస్తున్నాను.