కునుకు పోయాక

మంగళవారం, రాత్రి
ఇల్లందు

ఇవాళ జపంలో కునుకు రాలేదు. సంతోషించాల్సింది పోయి, నిద్రపట్టక లేచి ఇది రాస్తున్నాను.

అత్తమ్మ తన తులసిమాల నా చేతిలో పెట్టినప్పటి నుంచి రోజూ ఒకటే తంతు. రామనామం మొదలుపెట్టగానే నా తల వాలిపోయేది, మాల ఒళ్ళో పడేది. చివరికి ఆమే నన్ను భద్రాచలంలో ఆయుర్వేదం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఒంట్ల కఫం పెరిగిందమ్మా, గందుకే ఈ బద్ధకం. రాత్రి పెరుగన్నం బంద్ చెయ్యి. పగలు పండకు. పొద్దుగాల సూర్యనమస్కారాలు చేసి, ఒళ్ళు వేడెక్కినంక జపానికి కూసో," అందామె. అన్నీ చేశాను. శొంఠి నీళ్ళు కూడా తాగాను.

ఈ పొద్దున మనసు తేటగా ఉంది. ఆ తేటలోనే ఒక ప్రశ్న లేచింది. ఈ నామం నాకు కావాలా, అత్తమ్మకు కావాలా? వేళ్ళు మాత్రం పూసలు తిప్పుతూనే ఉన్నాయి.

నేను లేవగానే అత్తమ్మ, "ఇయాల కునుకు రాలే కదా బిడ్డా? నేను చూస్తనే ఉన్న, మాల జారనే లేదు," అంది.

"అవ్ అత్తమ్మా, రాలే," అన్నాను.

ఆమె మురిసిపోయి పక్కింటావిడకు కూడా చెప్పుకుంది.

బడికి వెళ్ళే కారేపల్లి బస్సులోనూ నాకు అదే ప్రశ్న. క్లాసులో బోర్డు మీద లెక్క తప్పు చేస్తే పిల్లలే దిద్దారు. అత్తమ్మతో ఏమని చెప్పను? చెప్పకుండా రేపు మాల ఎలా పట్టుకోను?

కునికినన్నాళ్ళూ నా భక్తి మీద నాకు అనుమానమే రాలేదు.

ఇందాక అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్ళి, ఆకలి లేకపోయినా గిన్నెడు పెరుగన్నం కలుపుకుని తిన్నాను.