రంగూన్‌లో పుట్టినవాళ్ళ క్లాసు

పోర్టుబ్లెయిర్

నాన్నకు సత్యారావు దండాలు. జ్వరం తగ్గింది, అన్నం సయిస్తోంది.

కాలేజీలో చేర్చుకున్నారు గాని బి.ఏ.లో కాదు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు ముందు ఒక ఏడాది ఇంగ్లీషు క్లాసులో కూర్చోవాలట. రంగూన్‌లో నా చదువంతా ఇంగ్లీషులోనే సాగిందని చెప్పాను. సారు పుస్తకం చేతికిస్తే పేజీ మొత్తం ఆగకుండా చదివాను. బాగా చదివావని మెచ్చుకుని, ఆ క్లాసుకే పంపారు. ఆఫీసులో గుమాస్తా గవరయ్య మన తెలుగువాడే. "ఏటి సేత్తాం భయ్యా, రూల్ అదే. పుట్టింది బర్మాలో గదా, కాగితాల మీద నువ్వు ఫారినర్‌వే," అన్నాడు.

బర్మాలో మీరు ఇండియావాళ్ళు, పొండని మనల్ని ఓడ ఎక్కించారు. ఇండియాకి వస్తే బర్మావాడివని నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఇవాళ పిల్లికీ కుక్కకీ స్పెల్లింగులు రాయించారు. రాశాను.

ఇది అమ్మకు చెప్పకండి. నానమ్మ దగ్గు ఎలా ఉంది? మన డిగ్లీపూర్ నుంచి ఇటు ఎవరైనా వస్తుంటే ఎండుచేపలు పంపండి. చెల్లి బుల్లమ్మను బడిలో వేసేటప్పుడు రంగూన్ మాట ఎత్తకండి, శ్రీకాకుళంలో పుట్టిందని రాయించండి. మీ ఊరేదని ఎవరడిగినా తడుముకోకుండా ఆ పేరే చెప్పేలా దానికి నేర్పండి. దానికి నా దీవెనలు.

మీ కొడుకు
సత్యారావు